కారు నీళ్లు ఎటు పోయినయి?

 

ఈ నెల గోడ పత్రికకు అందరూ కథలు, పొడుపుకథలు, సామెతలు ఇచ్చిండ్రు. నేను కారు గురించి రాస్తున్న. ఆడపిల్లకు కారు ఇంజనుతో ఏం పని అని నవ్వకండి. మొత్తం చదివినంక నవ్వండి.

మాది మంథని దిక్కు గూడెం. మేము నాయకపోడోళ్లం. మా గూడానికి బస్సు పొద్దున ఒకటి, పొద్దుమీకి ఒకటి. నడుమల ఎవరికన్న జ్వరం వచ్చినా, ఎవరికన్న నొప్పులు వచ్చినా మా కాక కారే దిక్కు. అది పాత తెల్ల అంబాసిడర్. రెండు ఎడ్లు అమ్మి, చిన్నమ్మ మహిళా సంఘంల అప్పు తీసి, ఇద్దరు కలిసి కొన్నరు. మేడారం జాతర అప్పుడు ఆ కారు నాలుగు రోజులు నిద్ర లేకుండ తిరుగుతది.

అంబాసిడర్ గురించి కొంచెం చెప్తాను. ఇంగ్లాండుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాని నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1957 నుంచి మన దేశంలో ఈ కారు చేసినారు. పశ్చిమ బెంగాల్‌ల ఉత్తర్‌పారా అనే ఊళ్ల ఫ్యాక్టరీ. 2014లో చేయడం ఆపేసినారు. అందుకే ఇప్పుడు రోడ్డు మీద కనపడే ప్రతి అంబాసిడర్ పాతదే. పాత కారుకు పాత రోగాలు ఉంటయి.

పోయిన ఎండకాలం మా కాక కారుకు ఒక రోగం వచ్చింది. పొద్దున రేడియేటర్ నిండ నీళ్లు పోస్తే పొద్దుమీకి లీటరు, లీటరున్నర తక్కువ. కారు కింద చూస్తే చుక్క తడి లేదు. ఇంజను వేడెక్కి ఆవిరి వచ్చి ఆగిపోతున్నది. నీళ్లు ఎటు పోతున్నయో ఎవరికీ తెల్వలేదు. అది తెలిసే లోపల కాక చెయ్యి కాలింది. అందుల నా తప్పు ఉంది. అందుకే ఇది రాస్తున్న.

ఇంజనుకు నీళ్లు ఎందుకు?

పెట్రోలు ఇంజను లోపల మండుతది. మండినప్పుడు ఆ వాయువు వేడి రెండు వేల డిగ్రీలు దాటుతది. ఇంజను చేసిన పోత ఇనుము 1200 డిగ్రీల దగ్గరే కరుగుతది. లోపల ఉండే పిస్టన్లు అల్యూమినియంవి అయితే అవి 660 డిగ్రీలకే కరుగుతయి. మరి ఇంజను ఎందుకు కరగదు? ఎందుకంటే ప్రతి మంటకు ప్రతి మంటకు మధ్యన, దాని చుట్టూ తిరిగే నీళ్లు ఆ వేడిని గుంజుకుంటయి.

పెట్రోలు ఇచ్చే వేడిల ఇంచుమించు మూడో వంతు పొగతో బయటికి పోతది. ఇంచుమించు మూడో వంతు నీళ్లలోకి పోతది. చక్రాలు తిప్పేది మిగిలిన దాంట్లోదే. అంటే కారు నడిపినంత వేడిని నీళ్లు మోస్తయన్నమాట.

పక్కన నేను గీసిన బొమ్మ చూడండి. ముందర జాలీ లెక్క ఉన్నది రేడియేటర్. అందుల సన్నటి గొట్టాలు ఉంటయి. ఇంజనుల వేడెక్కిన నీళ్లు పైన ఉన్న రబ్బరు పైపుల నుంచి రేడియేటర్లకు వస్తయి. గాలి తగిలి చల్లబడి కింది పైపు నుంచి మళ్లా ఇంజనులకు పోతయి. నీళ్లను తోసేది వాటర్ పంపు. పంపును, ఫ్యాన్‌ను తిప్పేది బెల్టు. నడుమల థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటది. నీళ్లు ఇంచుమించు 80 డిగ్రీలకు వచ్చేదాక అది మూసుకొని ఉంటది, తర్వాత తెరుచుకుంటది.

మన రామగుండం ఎన్టీపీసీల కూడా వేడిని మోసేది నీళ్లే. అక్కడ బొగ్గు మంటకు నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతయి. ఆ ఆవిరిని మళ్లా నీళ్లుగా చేయడానికి గోదావరి నీళ్లు కావాలి. కారు చిన్నది, ఫ్యాక్టరీ పెద్దది, సూత్రం ఒకటే.

ఇప్పుడు రేడియేటర్ మూత గురించి. ఇది మామూలు మూత కాదు. మన వంటశాలల పప్పు ఉడికే కుక్కర్ మూత లాంటిది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మసులుతయని సైన్సు పుస్తకంల చదువుకున్నం. కాని మూత బిగించి ఒత్తిడి పెంచితే ఇంకా ఎక్కువ వేడికి గాని మసలవు. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి పెరిగితే 110 డిగ్రీలు దాటినంకనే మసులుతయి. 15 పౌండ్లు పెరిగితే 120 దాక ఆగుతయి. మూత లోపల ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వాచర్ ఉంటయి. ఆ స్ప్రింగుకు తగినంత ఒత్తిడి వచ్చేదాక అది నీళ్లను ఆపుతది. అంతకు మించితే పైకి లేచి, పక్కనున్న సన్నటి పైపు నుంచి కొన్ని నీళ్లను బయటికి వదులుతది. స్ప్రింగు ఎంత ఒత్తిడి ఆపుతదో ఆ అంకె మూత మీదనే కొట్టి ఉంటది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. మళ్లా వస్తది.

ఆ రోజు ఏం జరిగింది?

వేసవి సెలవులు అయిపోయినయి. జూన్‌ల బడి తెరిచే రోజు. నన్ను హాస్టల్‌ల దింపడానికి కాక కారు తీసిండు. కారుల నా పెట్టె, బియ్యం బస్తా, పెద్దపల్లి దవాఖానకు పోయే ఇద్దరు అవ్వలు, ఇంకో ముగ్గురు. పన్నెండు గంటల ఎండ. రామగిరి గుట్ట కనపడే కాడికి వచ్చేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. ఆవిరి బుస్సుమన్నది. కాక కారు పక్కకు ఆపిండు.

"అరగంట ఆగాలె బిడ్డా" అన్నడు కాక.

నేను ఆగలేదు. పొద్దు వాలేలోపు హాస్టల్‌కు రాకపోతే మేడం గేటు కాడ నిలబెడుతరని నాకు భయం. "కాకా, జర తొందరగ నీళ్లు పొయ్యవా, ఆలస్యమైతున్నది" అని మూడు సార్లు అన్న. మూడోసారి కాక తువ్వాల చుట్టి మూత తిప్పిండు.

లోపల నీళ్లు వంద డిగ్రీలు దాటి ఉన్నయి. మూత బిగుతు ఉన్నంత సేపు అవి మసలకుండ ఊకున్నయి. మూత తీయంగనే ఒత్తిడి పోయింది, ఒక్కసారిగ అన్నీ మసిలి పైకి ఎగిసినయి. కాక కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాక కాలింది. తప్పుకున్నడు కాబట్టి మొఖం కాలలేదు.

కారుకు పోద్దామని తెచ్చిన డబ్బా నీళ్లన్నీ ఆ చెయ్యి మీద పోసినం. ఒక అవ్వ పేస్టు పూయమన్నది. ఇంకో అవ్వ, ఆమె కూతురు దవాఖానల ఆయమ్మ, "వద్దు, నీళ్లే పొయ్యుండ్రి" అన్నది. తర్వాత డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కాలితే ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్ల ధార పెట్టాలె. పేస్టు, ఇంకు, నెయ్యి, మంచుగడ్డ పెట్టొద్దు.

ఆ రోజు నేను హాస్టల్‌కు రాత్రి ఎనిమిదింటికి వచ్చిన. మేడం అడిగితే బస్సు తప్పిపోయిందని చెప్పిన. అది అబద్ధం మేడం. ఇప్పుడు నిజం రాస్తున్న, మన్నించండి.

ఇద్దరు మేస్త్రీలు, రెండు మాటలు

కాక చెయ్యి మానంగనే కారును ఒక మేస్త్రి కాడికి తీసుకపోయిండు. ఆయన చూసి రేడియేటర్ కారుతున్నదన్నడు. ఊడదీసి రెండు చోట్ల మాటు వేసిండు. డబ్బులు తీసుకున్నడు. నీళ్లు పోవుడు ఆగలేదు.

రెండో మేస్త్రి చూడకుండనే హెడ్ గాస్కెట్ పోయిందన్నడు. హెడ్ అంటే ఇంజను మీది మూత లాంటి భాగం. దాని కింద, ఇంజనుకు నడుమ పెట్టే పలుచని రేకు గాస్కెట్. అది కాలితే నీళ్లు మంటలకు పోతయి. ఇంజను విప్పాలె, హెడ్ చెక్కించాలె, పదిహేను వేలు అయితయి అన్నడు. కాక ఇంటికి వచ్చి ఏం మాట్లాడలేదు. చిన్నమ్మ కాళ్ల వెండి కడియాలు తీసి ముందల పెట్టి "కుదవ పెట్టు" అన్నది.

దసరా సెలవులకు నేను ఇంటికి పోయినప్పుడు ఆ కడియాలు ఇంకా గూట్లనే ఉన్నయి. కాకకు మనసు ఒప్పలేదు. ఎవరో చెప్తే గోదావరిఖనిల ఒక ముసలి మేస్త్రి కాడికి పోతున్నడు. నేను కూడ పోయిన.

ముసలి మేస్త్రి పానా పట్టలేదు. ముందుగాల అడుగుడు మొదలుపెట్టిండు. "నీళ్లు ముందు పోయి ఇంజను వేడెక్కుతున్నదా? ఇంజను ముందు వేడెక్కి నీళ్లు పోతున్నయా?" అన్నరు. కాకకు తెల్వది. నాకూ తెల్వది. "అది తెల్సుకోకుండ నేను ఏది విప్పినా మీ పైసలు దండుగ" అన్నరు.

జ్వరం వస్తే మన ఏఎన్ఎం మేడం ఏం చేస్తది? ముందు రక్తం చుక్క తీసి మలేరియానా కాదా చూస్తది. జ్వరం రోగం కాదు, రోగం గుర్తు. ఇంజను వేడెక్కుడు కూడ అంతే. గుర్తును చూసి భాగం మారిస్తే రోగం అట్లనే ఉంటది.

లెక్క రాసుడు

ఆయన నాకు ఒక పని చెప్పిండ్రు. "నువ్వు చదువుకుంటున్నవు గదా, అయిదు రోజులు లెక్క రాయి" అని. కాక చదువుకోలేదు. నేను పాత లెక్కల నోటు వెనక పట్టిక గీసిన. పొద్దున ఇంజను చల్లగ ఉన్నప్పుడు మూత తీసి, నీళ్లు ఎక్కడికి ఉన్నయో చూసి, లీటరు సీసాతో కొలిచి పోసినం. ఎంత దూరం పోయినం, ఎంత మంది ఎక్కిండ్రు, ముల్లు ఎంత దాక పోయింది, అన్నీ రాసిన.

మొదటి రోజు పొద్దున పూట, ఇద్దరే మనుషులు. ముల్లు నడుమనే ఉంది. నీళ్లు తగ్గలేదు.
రెండో రోజు మధ్యాహ్నం, ఏడుగురు. ముల్లు పైకి పోయింది. లీటరుకు కొంచెం ఎక్కువ తగ్గినయి.
మూడో రోజు కారు తీయలేదు. నీళ్లు తగ్గలేదు.
నాలుగో రోజు పొద్దున మంథనికి, ముగ్గురు. నీళ్లు తగ్గలేదు.
అయిదో రోజు మధ్యాహ్నం, తొమ్మిది మంది. లీటరున్నర తగ్గినయి.

చూసిండ్రా? నీళ్లు ఊకె కారుతలేవు. రాత్రంతా నిలబడి ఉంటే చుక్క పోతలేదు. వేడెక్కిన రోజే పోతున్నయి. అంటే వేడి ముందు, నీళ్లు తర్వాత. పెద్ద చిల్లి ఉంటే నిలబడ్డ రోజు కూడ పోవాలె.

ఒక చిన్న మాట. పాత కార్లల రేడియేటర్ మెడ దాక నిండ పోస్తే, నీళ్లు వేడికి పెరిగి కొన్ని సన్నపైపు నుంచి బయటికి పోతయి. తర్వాత ఒక మట్టం దగ్గర నిలబడతయి. అది రోగం కాదు. రోజూ నిండ పోస్తే రోజూ ఆ కొన్ని పోతయి, మనం కారుతున్నయని భయపడతం. మేము ఒకే మట్టానికి పోసినం కాబట్టి మా లెక్క తప్పు కాలేదు.

వరుసగ వెతుకుడు

ఆ పట్టిక చూసినంక మేస్త్రి వరుసగ వెతికిండ్రు. అగ్గువ పని ముందు, ఖర్చు పని చివర.

మొదటిది, బయట. రాత్రి కారు కింద పాత అట్ట పరిచి పెట్టాలె. పొద్దున తడి ఎక్కడుందో చూస్తే కారేది ఎక్కడనో తెలుస్తది. అయితే వేడి ఇంజను మీద పడ్డ చుక్క కింద పడకముందే ఆవిరైపోతది. అందుకే తడి కాదు, మరక వెతకాలె. పైపుల క్లిప్పుల కాడ, రేడియేటర్ అతుకుల కాడ, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం కాడ తెల్లగనో, తుప్పు రంగులనో చార ఉంటే అక్కడ కారుతున్నట్టు. కూలెంట్ పోసిన కారైతే ఆకుపచ్చ చార ఉండొచ్చు. హీటర్ ఉన్న కార్లల కాళ్ల కింది చాప తడిగ ఉంటే హీటర్ కారుతున్నట్టు. కాక కారుకు హీటర్ లేదు. చారలు కూడ లేవు.

రెండోది, ఇంజను లోపల. నూనె కొలిచే పుల్ల తీసి చూసిండ్రు. నీళ్లు నూనెల కలిస్తే అది పాలు పోసిన చాయ లెక్క అయితది. మా కారు నూనె నల్లగ శుభ్రంగనే ఉంది. వెనక పొగ చూసిండ్రు. ఇంజను వేడెక్కినంక కూడ తెల్ల పొగ ఆగకుండ వస్తే నీళ్లు మంటలకు పోతున్నట్టు. మా దానికి రాలేదు. తర్వాత చల్లటి ఇంజనుకు మూత తీసి స్టార్టు చేసి రేడియేటర్ మెడల చూసిండ్రు. గాస్కెట్ పోతే మంట గాలి నీళ్లలకు వచ్చి బుడగలు ఆగకుండ వస్తయి. రాలేదు. పెద్ద గ్యారేజీల దీనికి ఒక నీలం రంగు ద్రావణం ఉంటదట. రేడియేటర్ మీది గాలిని దాని గుండ పంపితే, మంట వాయువు ఉంటే అది పసుపు రంగుకు మారుతది. మన లిట్మస్ కాగితం లెక్క. "పదిహేను వేలు మిగిలినయి, కడియాలు అమ్మకండ్రి" అన్నరు మేస్త్రి. కాక నా దిక్కు చూసి నవ్విండు.

మూడోది, వేడి ఎందుకు ఎక్కుతున్నది? బెల్టు వదులుగ ఉంటే పంపు, ఫ్యాను మెల్లగ తిరుగుతయి. మాది బిగువుగనే ఉంది. థర్మోస్టాట్ ఇరుక్కుంటే నీళ్లు రేడియేటర్లకు రావు, పై పైపు చల్లగ ఉంటది. మా పైపు వేడిగ ఉంది. రేడియేటర్ బయట దుమ్ము, గడ్డి, పురుగులు పట్టి ఉంటే గాలి పోదు. మాకు కొంచెం ఉంటే వెనక దిక్కు నుంచి నీళ్లు కొట్టి కడిగిండ్రు.

నాలుగోది, సీసా. ఇది నాకు అన్నిటికన్న నచ్చింది. మూత పక్కన సన్నపైపు ఉంటదని రాసిన గదా. ఆ పైపు కొస రోడ్డు దిక్కు ఉంటది. మేస్త్రి ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాను తీగతో ఆ కొసకు కట్టిండ్రు. "ఎండ పూట మనుషులను ఎక్కించుకొని పోయి రాండ్రి" అన్నరు. పోయి వచ్చినం. వచ్చి చూస్తే సీసా నిండి పొర్లింది!

అక్కలారా, ఎండకాలమంతా ఎటు పోయినయో తెల్వని నీళ్లు ఆ సీసాల ఉన్నయి. కారు నడుస్తున్నప్పుడే పోతున్నయి, రోడ్డు మీద పడి ఎండుతున్నయి. అందుకే ఇంటికాడ కింద తడి లేదు.

మూత మీది అంకె

మేస్త్రికి కండ్లు మసక. మూత నా చేతికి ఇచ్చి "దాని మీద ఏముందో చదువు బిడ్డా" అన్నరు. మసి తుడిచి చదివిన. ఇంగ్లీషు అంకె. నేను చెప్పంగనే ఆయన తల ఊపిండ్రు. ఈ కారుకు ఉండాల్సిన అంకె కన్న అది చాల తక్కువ. అది వేరే బండి మూత. వెనకటి ఓనరు కాడ అసలు మూత పోయి, దొరికింది బిగించి ఉంటరు. రబ్బరు వాచర్ కూడ పగిలి గట్టిపడింది. అంటే మా కారు కుక్కర్‌కు విజిల్ వదులు. వంద డిగ్రీలు దాటంగనే నీళ్లు మసిలి సన్నపైపు నుంచి పోతున్నయి. కొన్ని పోంగనే మిగిలినవి ఇంకా తొందరగ మసులుతయి.

కాక ఆ మూతను ఎన్ని వందల సార్లు తిప్పి ఉంటడు! అంకె కండ్ల ముందలనే ఉంది. చదివేటోళ్లు లేరు. నేను మూడో తరగతి నుంచి అంకెలు చదువుత, కాని ఒక్కనాడు మూత దిక్కు చూడలేదు. తొందర పెట్టుడే చేసిన.

కొత్త మూత రెండు వందలకు లోపలనే వచ్చింది.

కథ అక్కడ అయిపోలేదు. కొత్త మూత పెట్టినంక మూడో రోజు కింది రబ్బరు పైపు చెమ్మ పట్టింది. కాక గాబరా పడ్డడు. మేస్త్రి నవ్విండ్రు. ఇన్నాళ్లు ఒత్తిడి సరిగ లేదు కాబట్టి పాత పైపు బలహీనత బయట పడలేదు, ఇప్పుడు పడింది. పైపు, క్లిప్పులు మార్చిండ్రు. రేడియేటర్ లోపల కూడ కడిగిండ్రు. మా బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు తెల్ల పెచ్చు కడతది, మీరు కూడ చూసే ఉంటరు. అదే పెచ్చు రేడియేటర్ గొట్టాలల్ల కూడ పట్టింది. పెచ్చు ఉంటే వేడి బయటికి పోదు. ఇంజను తొందరగ వేడెక్కడానికి అది కూడ కారణమే. అందుకే ఒక కారణం దొరకంగనే ఆగొద్దు.

ఇప్పుడు బోరు నీళ్లు కాకుండ, ఖనిజాలు తీసేసిన నీళ్లల కూలెంట్ కలిపి పోస్తున్నడు. కూలెంట్‌ల గ్లైకాల్ అనే మందు ఉంటది. సగం నీళ్లు, సగం అది కలిపితే మూత లేకున్నా 106, 107 డిగ్రీల దాక మసలవు. తుప్పు కూడ తొందరగ పట్టదు. కాని అది తియ్యగ ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు, మేకలకు అందేటట్టు పెట్టొద్దు.

గుర్తుంచుకోవలసినవి

1. ముల్లు ఎర్ర గీతకు పోతే కారు పక్కకు ఆపి ఇంజను బంద్ చేయాలె. ఇంటి దాక పోదాం అనొద్దు. హెడ్ వంకర పోతది, గాస్కెట్ కాలుతది, చిన్న రోగం పెద్దదైతది.
2. కనీసం అరగంట ఆగాలె. పై పైపు చేతికి చల్లగ తగిలేదాక మూత ముట్టొద్దు. తీసేటప్పుడు మందపాటి బట్ట వేసి, మొఖం పక్కకు పెట్టి, మొదటి గాడి దాక తిప్పి ఆగాలె. గాలి అంతా పోయినంకనే పూర్తిగ తీయాలె.
3. వేడి ఇంజనుల చల్లటి నీళ్లు ఒక్కసారి పోయొద్దు. పోత ఇనుము పగులుతది.
4. ముల్లు ఒక్కసారి కిందికి పడిపోతే బాగైందని సంబురపడొద్దు. నీళ్లు మొత్తం పోతే కొలిచే పరికరానికి నీళ్లు తగలవు, తప్పు చూపిస్తది.
5. ముందు నీళ్లు పోయినయా, ముందు వేడెక్కిందా? లెక్క రాసి తెల్సుకోవాలె.
6. బయట మరక, లోపల నూనె, పొగ, బుడగ, తర్వాత మూత, సన్నపైపు. చూడకుండ చెప్పినోళ్ల మాట మీద ఏదీ విప్పొద్దు.

కడియాలు మళ్లా చిన్నమ్మ కాళ్లకు ఉన్నయి. కాక చేతి మీద మచ్చ ఉంది, అది పోదు. నేను దాని దిక్కు చూస్తే కాక అంగీ చెయ్యి కిందికి గుంజుకుంటడు, ఏమీ అనడు. నేను మాత్రం ఇప్పుడు ఎవరి బండి ఎక్కినా "తొందరగ" అనే మాట అనను.

మన హాస్టల్‌కు కూరగాయలు తెచ్చే ఆటో కూడ గేటు కాడ అప్పుడప్పుడు ఆవిరి కక్కుతది. డ్రైవరన్న వేడి మీదనే మూత తీస్తుంటే మొన్న నేను ఉరికిపోయి ఆపిన. వంటమ్మ "నీకేం తెల్సు పో" అన్నది. ఈ వ్యాసం ఆమెకు ఎవరన్న చదివి వినిపించండి.

తప్పులుంటే టీచర్లు ఎర్ర పెన్నుతో దిద్దగలరు.

ఇట్లు,
మీ చెల్లె,
తొమ్మిదో తరగతి